మస్టాంగ్‌కి ఏ ఆయిల్ ఫిల్టర్ మేలు? భీమవరం లెక్క వేరు

మా బావ కారు 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్. ఐదు లీటర్ల వీ8 ఇంజన్. ఉండేది భీమవరంలో. బావకి చెరువుల పనితోనే తెల్లారిపోతుంది కాబట్టి కారు బాగోగులు నేను చూస్తాను. 2021లో ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మస్టాంగ్ ముందు నుంచీ దిగుమతి బండే అయినా, అప్పటి నుంచి ఏ చిన్న సామాను కావాలన్నా నాలుగు చోట్ల వాకబు చేయాల్సి వస్తోంది. ఆయిల్ ఫిల్టర్ కోసం కూడా అంతే.

మా ముందున్నవి ఇవి: కంపెనీ వాళ్ల మోటార్‌క్రాఫ్ట్ ఎఫ్ఎల్-500ఎస్, అదే మరకి (ఫిల్టర్‌ని ఇంజన్‌కి తిప్పి బిగించే చుట్టు గాడికి) సరిపోయే బజారు ఫిల్టర్, ఎక్కువ కిలోమీటర్లు వచ్చే సింథటిక్ ఫిల్టర్, రేసింగ్ ఫిల్టర్, కడిగి మళ్లీ వాడుకునే స్టీలు జాలీ. అన్నీ ఆ ఇంజన్‌కి ఎక్కుతాయి. మర అడ్డం 22 మిల్లీమీటర్లు, పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లు. ఎక్కింది కదా అని సరిపోయినట్టు కాదు, చిక్కంతా అక్కడే.

ఏది మేలో చెప్పేముందు ఈ కారు ఎలా తిరుగుతుందో చూడాలి. భీమవరం నుంచి చెరువు గట్టుకి, గట్టు నుంచి ఇంటికి. కాలవ పక్క రోడ్డు, మట్టి టిప్పర్లు, ఎదురొచ్చే ధాన్యం ట్రాక్టర్లు. మూడో గేరు దాటదు. ఒక్కోసారి ఇరవై రోజులు షెడ్డులోనే ఉంటుంది. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా తిరుగుడే. ఇలా తిరిగే ఇంజన్‌లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాస్త పెట్రోలు ఆవిరైపోకుండా ఆయిల్లోనే ఉండిపోతాయి. అందుకే రేస్ ట్రాక్ మీద నెగ్గిన ఫిల్టర్ మా షెడ్డులో నెగ్గాలని లేదు.

ఫిల్టర్ పని మా వైపు వాళ్లకి చెప్పడం తేలిక. చెరువుకి కాలవ నీళ్లు పెట్టేటప్పుడు బయటి చేపపిల్లలు, గుడ్లు రాకుండా తూముకి సన్న వల కడతాం. కన్ను ఎంత సన్నగా ఉంటే కాపలా అంత గట్టిది. కానీ నాచు, గుర్రపుడెక్క వేళ్లు వచ్చి పడితే సన్న వలే ముందు పూడుకుంటుంది. నీళ్లు ఆగుతాయి, వల ఉబ్బి చిరుగుతుంది. ఫిల్టర్‌లో మడతలు పెట్టిన కాగితం ఆ వల లాంటిది. అది పూడుకున్నప్పుడు తెరుచుకునేది బైపాస్ వాల్వ్. అసలు ఆయిల్ అందకపోవడం కంటే మురికి ఆయిల్ అందడం నయం కాబట్టి వడకట్టకుండానే వదిలేస్తుంది. ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో ఇంజన్ చేసినవాళ్లు నిర్ణయిస్తారు. 8 పీఎస్ఐ (టైరు గాలి కొలిచే లెక్కే) ఒత్తిడికే తెరుచుకునేవీ ఉన్నాయి, 20 దాటితేగానీ తెరుచుకోనివీ ఉన్నాయి. తక్కువ దాంట్లో తెరుచుకునేది పెడితే ఇంజన్ గట్టిగా తొక్కిన ప్రతిసారీ మురికి దాటిపోవచ్చు. ఈ అంకె డబ్బా మీద చాలామంది వేయరు.

ఇంకోటి, మా కారుకి అన్నిటికంటే ముఖ్యమైనది, ఫిల్టర్ మూతి దగ్గరుండే పల్చటి రబ్బరు. బండి ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపేది అదే. మస్టాంగ్‌లో ఫిల్టర్ పక్కకి వాలి ఉంటుంది కాబట్టి దాని మీద భారం ఎక్కువ.

ఇది నాకు చేదుగానే తెలిసింది. నిరుడు కంపెనీ ఫిల్టర్ దొరక్క ఒక షాపులో బజారు ఫిల్టర్ కొన్నాను. మర సరిపోయింది, లీకు లేదు. నాలుగు నెలలు బాగానే ఉంది. తర్వాత ఒకరోజు, మూడు వారాలు కదలని బండిని స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు ముందువైపు నుంచి కరకరమని శబ్దం. నాకు చెమటలు పట్టాయి. మేస్త్రీ వచ్చి చెవి పెట్టి విని, "ఇంజన్ లోపలి టైమింగ్ చైను పోలేదండీ, ఆయిల్ పైకెళ్లేసరికి ఆలస్యమవుతోంది. ముందు ఫిల్టర్ విప్పుదాం" అన్నాడు.

విప్పిన దాన్ని పారేయలేదు. అంతకుముందు వాడిన మోటార్‌క్రాఫ్ట్ డబ్బా కూడా షెడ్డులోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి రేకు కత్తెరతో కోశాం. రంపంతో కోస్తే ఇనుప పొడి లోపల పడి, ఇంజన్ నుంచి వచ్చిందో రంపం నుంచి వచ్చిందో తెలియదు. బజారు దాంట్లో రబ్బరు నల్లగా, ఎండలో వదిలేసిన పాత హవాయి చెప్పులా గట్టిపడిపోయింది. వేలితో వంచితే మళ్లీ తన ఆకారానికి రాలేదు. మడతలు తక్కువ, ఒకచోట రెండు మడతలు అతుక్కుపోయి ఉన్నాయి. కంపెనీ దాంట్లో రబ్బరు సిలికాన్. అంతకంటే ఎక్కువ కాలం పనిచేసినా మెత్తగానే ఉంది. మడతలు దగ్గరదగ్గరగా, వరసగా ఉన్నాయి. బజారు ఫిల్టర్లన్నీ ఇంతేనని అనను. పేరున్న కంపెనీలవి బాగుంటాయి. కానీ కొనేముందు మూతి రంధ్రాల్లోంచి చూడండి, సన్న పుల్లతో రబ్బరుని కాస్త కదిపి చూడండి. నారింజ రంగు చూసి సిలికాన్ అనుకోవద్దు, రంగు ఎవరైనా కలపొచ్చు.

సింథటిక్ విషయంలో బావకీ నాకూ వాదన జరిగింది. "20 వేల మైళ్లు వస్తుందట కదా, ఒకటి వేసేస్తే నీ టెన్షన్ కూడా పోతుంది" అంటాడు. అంటే 32 వేల కిలోమీటర్లు. బావా, మన బండి ఏడాదికి నాలుగు వేలు తిరగదు! ఆ డబ్బా మీదే ఏడాది గడువు కూడా రాసి ఉంటుంది. అయినా సింథటిక్‌లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. మామూలు కాగితం తేమని పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. గాజు నారతో చేసినదానికి ఆ బాధ లేదు. పైగా సన్న నలుసుల్ని పట్టుకుంటూనే ఆయిల్‌ని తేలిగ్గా వదులుతుంది. బేరింగులని అరగదీసేవి కంటికి కనపడే ముక్కలు కావు, 5 నుంచి 20 మైక్రాన్ల నలుసులే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కాబట్టి నెలకి రెండుసార్లు తాడేపల్లిగూడెం దగ్గర హైవే ఎక్కి హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లు సింథటిక్ వేసుకోండి, డబ్బుకి తగ్గ పని చేస్తుంది. మాలాంటి వాడకానికి అదే డబ్బుతో మామూలుది రెండుసార్లు మార్చుకోవచ్చు.

రేసింగ్ ఫిల్టర్ గురించి ఎక్కువ చెప్పను. వాటికి ఆయిల్ ఎక్కువ పారాలి, ప్రతి రేసుకీ మార్చేస్తారు. కొన్నిటికి విప్పడానికి నెత్తిన నట్టు ఉంటుంది, ఆ సౌకర్యం నిజమే. అదే నట్టుకి పానా వేసి బిగించేవాళ్లు కూడా ఉన్నారు, దాంతో వాషరు నలుగుతుంది. స్టీలు జాలీలో మామూలుగా 30, 40 మైక్రాన్ల కన్ను ఉంటుంది. లోపల ఇనుప పొడి పడిందో లేదో విప్పి చూసుకోవడానికి బాగుంటుంది. కడిగి ఆరబెట్టేటప్పుడు ఒక్క ఇసుక రేణువు ఉండిపోయినా నష్టం ఇంజన్‌దే. మా దుమ్ములో నేను ఆ పని పెట్టుకోను.

మా నిర్ణయం: మోటార్‌క్రాఫ్ట్ ఎఫ్ఎల్-500ఎస్, కిలోమీటర్లు ఎన్నయినా ఆరు నెలలకోసారి. అది దొరకని పక్షంలో సిలికాన్ రబ్బరున్న పేరున్న కంపెనీది, బైపాస్ అంకె తెలుసుకున్నాకే. ఈ ఇంజన్‌కి ఆయిల్ ఏడున్నర లీటర్ల పైనే పడుతుంది. అంత పోసి ఫిల్టర్ దగ్గర బేరమాడితే నా మనసొప్పదు.

బిగించేటప్పుడు పాత వాషరు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోలేదు కదా అని వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే ఆయిలంతా నిమిషాల్లో బయటికి చిమ్ముతుంది. కొత్త వాషరుకి కాస్త ఆయిల్ రాసి, తగిలాక చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే చాలు. విప్పిన ఫిల్టర్‌ని ఒక రాత్రి బకెట్టులో బోర్లించి పెట్టండి. దాని కడుపులో ఆయిల్ ఇంకా చాలా ఉంటుంది. దాన్ని కాలవ గట్టున పారేస్తే చేరేది మన చెరువుల్లోకే.

మొన్న రెండు ఫిల్టర్లు తెప్పించాను. ఒకటి ఎక్కించి డబ్బా మీద మార్కర్‌తో తేదీ రాశాను. రెండోది బావ బీరువాలో ఉంది. డిసెంబరు ఆఖరి వారంలో, పండక్కి ముందే మారుస్తాం.