కిడ్ ఎ మ్నీసియా: అన్నయ్య గిటారుకీ నా బేస్‌కీ తెగని పేచీ

రేడియోహెడ్ వాళ్ళ 'కిడ్ ఎ మ్నీసియా' అనే మూడు సీడీల సెట్ తెప్పించుకున్నాను. దాని గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను బేస్ గిటార్ నేర్చుకోవడానికి కారణం మా అన్నయ్య. నా మీద ప్రేమతో ఏం కాదు. తన బ్యాండ్‌లో బేస్ వాయించడానికి ఎవరూ దొరకలేదు. "నాలుగు తీగలే కదే, వారంలో వచ్చేస్తుంది" అని నా మెడకి తగిలించాడు. తను మాత్రం లీడ్ గిటార్. మేం ఎక్కువగా వాయించినవి ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ పాటలు, అందులోనూ 1995లో వచ్చిన 'ది బెండ్స్' ఆల్బమ్‌వి. థామ్ యార్క్, జానీ గ్రీన్‌వుడ్, ఎడ్ ఓబ్రయన్, ముగ్గురూ గిటార్ పట్టుకునే బ్యాండ్ అది. అన్నయ్యకి ఇంకేం కావాలి!

2000 అక్టోబర్‌లో వాళ్ళ 'కిడ్ ఎ' ఆల్బమ్ వచ్చింది. మొదటి పాటలో గిటార్ లేదు. సరే, ఉపోద్ఘాతమేమో అనుకున్నాడు. రెండో పాటలో గొంతే మనిషి గొంతులా లేదు. యార్క్ మాటల్ని జానీ ఆంద్ మార్తెనో అనే పాత ఎలక్ట్రానిక్ వాయిద్యంతో స్వరాలుగా మార్చాడు. ఐదోది 'ట్రీఫింగర్స్' మొదలయ్యేసరికి అన్నయ్య ఓపిక అయిపోయింది. "ఇది పాటా, ఫ్రిజ్ మోతా?" అని ఆపేశాడు. ఆ సీడీ అలమర పైఅరలోకి వెళ్ళిపోయింది.

నేను మాత్రం మూడో పాట దగ్గరే ఆగిపోయాను. 'ది నేషనల్ యాంథెమ్'లో బేస్ ఒకే చిన్న వరుసని పట్టుకుని చివరిదాకా వదలదు. పైన డ్రమ్స్ పరిగెడుతుంటాయి, ఆఖర్లో బ్రాస్ వాయిద్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి, కింద బేస్ మాత్రం చలించదు. అన్నయ్య వెనక నిలబడి వాయించే పిల్లకి ఆ పాట వింటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అది ఆ బ్యాండ్ బేసిస్ట్ కోలిన్ గ్రీన్‌వుడ్ వాయించాడనే చాలా రోజులు గర్వపడ్డాను. తీరా చూస్తే రికార్డింగ్‌లో వాయించింది యార్క్, ఆ వరుస కట్టింది పదహారేళ్ళ వయసులో.

ఈ ఆల్బమ్ మీద జనం ఎందుకలా విడిపోయారన్నదానికి నా దగ్గర అప్పట్నుంచీ ఒక సిద్ధాంతం ఉంది. ఎవరి చేతిలో ఏ వాయిద్యం ఉందో దాన్ని బట్టే అభిప్రాయం. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో మెలోడీ మేకర్ పత్రిక దీన్ని చీల్చి చెండాడింది. న్యూయార్కర్ పత్రికలో నవలా రచయిత నిక్ హార్న్‌బీ కూడా పెదవి విరిచాడు. సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ మాత్రం పదికి పది ఇచ్చింది. ఒక్క పాటని కూడా విడిగా సింగిల్‌గా విడుదల చెయ్యకపోయినా, విడుదలకి ముందే జనం పాటలు ఇచ్చిపుచ్చుకునే నాప్‌స్టర్ అనే ఇంటర్నెట్ సర్వీసులో పాటలన్నీ బయటికొచ్చేసినా అమెరికాలో నేరుగా మొదటి స్థానంలో దిగింది. వాళ్ళకి అక్కడ అదే తొలిసారి. నచ్చనివాళ్ళు కూడా కొన్నారన్నమాట. మా అన్నయ్యలాగా.

ఇక నేను తెప్పించుకున్న సెట్ సంగతి. 'కిడ్ ఎ', అదే రికార్డింగ్ రోజుల నుంచి వచ్చి 2001లో విడుదలైన 'ఆమ్నీసియాక్', ఈ రెండింటికీ తోడు అప్పట్లో పక్కన పెట్టేసిన ముక్కలతో మూడో డిస్క్ 'కిడ్ ఆమ్నీసియే'. మూడూ కలిపి 2021 నవంబర్‌లో 'కిడ్ ఎ మ్నీసియా' అని వేశారు. నాది మూడు సీడీలది. నాకొచ్చిన దాని అట్ట మూల నలిగి ఉంది. దారిలో ఎవరు కూర్చున్నారో దాని మీద! పాటలకేం కాలేదు కాబట్టి గొడవ పెట్టుకోలేదు.

మొదటి రెండు డిస్కులూ మీ దగ్గర ఉండే ఉంటాయి. కాబట్టి అసలు ప్రశ్న మూడోదాని గురించే. పన్నెండు ట్రాకులు. అందులో మూడింటికి పేరే లేదు, 'అన్‌టైటిల్డ్' అని ఒకటి, రెండు, మూడు అంకెలు వేశారు. అవి స్టూడియోలో నేల ఊడిస్తే వచ్చిన దుమ్ము. వినొచ్చు, తప్పేం లేదు, రెండోసారి మాత్రం దాటేస్తారు. 'ఫాగ్' ఇంకో రూపంలో ఉంది, బాగుంది. కానీ 'కట్‌టూత్'లాంటి ఆనాటి బీ-సైడ్లు, అంటే ఆల్బమ్‌లో చేరకుండా సింగిల్స్ వెనక వచ్చిన పాటలు, ఈ సీడీల్లో లేవు. వాటిని విడిగా కొద్ది కాపీలు వేసిన క్యాసెట్‌లో పెట్టారు. ఇదెక్కడి న్యాయం? దుమ్ముకి చోటుంది, పాటకి లేదు.

నిండు పాటలంటే రెండు. 'ఇఫ్ యు సే ద వర్డ్' విన్న మొదటిసారే ఇంత మంచి పాటని ఇరవై ఏళ్ళు ఎలా దాచారా అనిపించింది. నాలుగోసారికి అర్థమైంది. 'కిడ్ ఎ'లో దీన్ని ఎక్కడ పెట్టినా పక్క పాటల చలి తగ్గిపోతుంది. ఇది కాస్త వెచ్చటి పాట. రెండోది 'ఫాలో మీ అరౌండ్'. ఒక అకూస్టిక్ గిటార్, యార్క్ గొంతు, అంతే. ఇది వినిపించగానే అన్నయ్య మొహం వెలిగిపోయింది. "చూశావా, చేతిలో ఇది పెట్టుకుని అది వదిలారు!" అన్నాడు. తన కోపానికి ఇరవై ఏళ్ళ తర్వాత సాక్ష్యం దొరికినట్టు.

నిజానికి తన పక్షం మనిషి బ్యాండ్ లోపలే ఉన్నాడు. 1997లో వచ్చిన 'ఓకే కంప్యూటర్' తర్వాత పొట్టిగా, రాగయుక్తంగా ఉండే గిటార్ పాటల ఆల్బమ్ చేస్తే బాగుంటుందనుకున్నాడు ఓబ్రయన్. యార్క్‌కి చూస్తే పాటలే రావడం లేదు, మాటలు చీటీల మీద రాసి టోపీలోంచి తీసి అతికించే పరిస్థితి. పారిస్, కోపెన్‌హేగన్, గ్లోస్టర్‌షైర్, ఆక్స్‌ఫర్డ్ అంటూ రికార్డింగ్ తిరుగుతూనే ఉంది. గిటారిస్టు తన పాటలో తనకేం పని లేదని తెలుసుకుని కూడా స్టూడియోకి రావడం తేలికేం కాదు. 1985లో బడిలో మొదలైన ఆ ఐదుగురే ఈరోజుకీ ఉన్నారంటే నాకు అన్నిటికంటే అదే వింతగా ఉంటుంది. మా బ్యాండ్ రెండేళ్ళు కూడా నిలవలేదు, కారణం ఇంతకంటే చాలా చిన్నది.

నా సిద్ధాంతానికి చిల్లు పెట్టిన పాట కూడా చెప్పాలి. 'కిడ్ ఎ'లోని 'ఇడియటెక్'. అందులో నాకు వాయించడానికి ఏమీ లేదు. జానీ యాభై నిమిషాల శబ్దాలు రికార్డు చేసి ఇస్తే, అందులోంచి యార్క్ ఏరుకున్న కొద్ది సెకన్ల ముక్క మీద కట్టిన పాట. ఆ ముక్కలోని నాలుగు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) పాల్ లాన్‌స్కీ అనే అమెరికన్ స్వరకర్త 1970ల్లో కంప్యూటర్ మీద చేసిన సంగీతంలోవి. గిటార్ లేదు, బేస్ గిటార్ లేదు. అయినా అది మొదలైతే కుర్చీలో కూర్చోలేను. ఎందుకో నన్నడక్కండి.

మూడో డిస్క్‌లో చివరిది 'హౌ టు డిసపియర్ ఇన్‌టు స్ట్రింగ్స్'. 'కిడ్ ఎ'లోని నాలుగో పాట నుంచి గొంతూ గిటారూ తీసేసి వయొలిన్ల బృందాన్ని ఒక్కదాన్నే ఉంచారు. ఆ భాగం డార్చెస్టర్ ఆబీ చర్చిలో రికార్డు చేశారు. బేస్ తీసి దాని మీద కోలిన్ నడక వాయిద్దామని కూర్చున్నాను. మూడుసార్లు దారి తప్పాను. మామూలు పాటలో యార్క్ గొంతు పట్టుకుని నడుస్తున్నానని అప్పటిదాకా తెలీదు. ఆ గొంతు లేకపోతే వయొలిన్లు ఎటు జారుతున్నాయో చెవికి అందదు. చివర్లో అవన్నీ శ్రుతి వదిలి పైకి లేచేచోట చెయ్యి తీసేసి ఊరికే విన్నాను. ఈ ఒక్క ట్రాక్ కోసం కొనమంటే కొనేస్తాను.

ఈ సెట్ వచ్చిన ఉత్సాహంలో అన్నయ్య పైఅరలోంచి తన పాత సీడీ తీశాడు. చెయ్యి జారి కింద పడింది, డిస్క్ కూర్చునే ప్లాస్టిక్ ట్రే ఊడొచ్చింది. కింద ఒక చిన్న పుస్తకం! తొలి కాపీల్లో కొన్నింటికి అలా దాచి పెట్టారు. రేడియోహెడ్ అట్టల బొమ్మలు వేసే స్టాన్లీ డాన్‌వుడ్ బొమ్మలు, తెగిపోయిన మాటలు. "ఇన్నేళ్ళూ ఇది ఇందులోనే ఉందా!" అని నేల మీదే కూర్చుని తిరగేశాడు.

ఇదే అదను అనుకుని ఐదో పాట పెట్టాను.

"మళ్ళీ ఫ్రిజ్జా?" అన్నాడు తలెత్తకుండా.

"అన్నయ్యా, అది గిటారు. ఓబ్రయన్ వాయించిందే తీసుకుని, సాగదీసి, ముక్కలు చేసి అలా తయారు చేశారు."

నమ్మలేదు. పుస్తకం మూసి, స్పీకర్ దగ్గరికి జరిగాడు. పూర్తయ్యాక, "ఏదీ, ఇంకోసారి పెట్టు" అన్నాడు. నచ్చిందా అని అడిగితే "నచ్చడం వేరు" అన్నాడు. ఇప్పటికీ తన మాట అదే.

కాబట్టి మొదటి రెండు ఆల్బమ్‌లూ లేనివాళ్ళు కళ్ళు మూసుకుని కొనండి. ఉన్నవాళ్ళు మూడో డిస్క్‌ని ఎక్కడైనా ఒకసారి విని, ఆ చివరి ట్రాక్ పట్టుకుంటేనే ముందుకెళ్ళండి. ఐదు నక్షత్రాలకి నాలుగు ఇస్తున్నా, 'కట్‌టూత్' లేనందుకు ఒకటి కోత. మూడో సీడీ ప్రస్తుతం అన్నయ్య దగ్గరుంది. ఎప్పుడిస్తావంటే ఏ సీడీ అంటున్నాడు.