సూప్ మేకర్ కొనబోతున్నారా? ముందు దాని మూత సంగతి తెలుసుకోండి

సూప్ మేకర్ కొందామని ధరలు చూస్తున్నవారు డబ్బు కట్టే ముందు కాస్త ఆగి ఇది చదవండి. ఆరువేల ఐదు వందలు పెట్టి నేను కొన్న యంత్రం పంతొమ్మిదో రోజున పాడైపోయింది. డబ్బు పోయిందన్న బాధకన్నా, తడి చేతులతో దాని పక్కనే నిలబడి ఉన్నానన్న భయం నన్ను ఇప్పటికీ వదలలేదు.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు. ఈమధ్య ఆవిడకు పై వరుస పళ్లన్నీ తీయించాల్సి వచ్చింది. చిగుళ్లు మానేదాకా నమలనవసరం లేకుండా మెత్తగా, గోరువెచ్చగా ఉండేవే పెట్టమన్నారు దంతవైద్యులు. నేను ఉదయం ఎనిమిదిన్నరకల్లా ఉద్యోగానికి బయలుదేరాలి. కూరగాయల ముక్కలు, నీళ్లు వేసి మీట నొక్కితే ఇరవై ఒక్క నిమిషాల్లో ఉడికించి, తానే మెత్తగా రుబ్బి ఇచ్చే యంత్రం ఉందని ఆన్‌లైన్‌లో చూసినప్పుడు, ఇది మా ఇంటి కోసమే తయారైనట్టుంది అనుకున్నాను. ఇంట్లో ఆరోజే చెప్పి కొనేశాను.

చూడటానికి పెద్ద విద్యుత్ కెటిల్ లాగా ఉంటుంది. అడుగున వేడిచేసే పళ్లెం, లోపలంతా స్టీలు. బ్లేడు మాత్రం అడుగున కాదు, మూతకు వేలాడే పొడవాటి కడ్డీ చివర ఉంటుంది. అంటే మోటారు మూతలోనే ఉంటుంది. మూత పెట్టగానే దాని అంచున ఉన్న లోహపు పిన్నులు పిడి పైభాగంలోని గుంటలో కూర్చుంటాయి. మోటారుకు కరెంటు అందేది అక్కడినుంచే. మిక్సీ జార్‌లాగా అడుగున మోటారు ఉండే గాజు రకాలు కూడా దొరుకుతాయి. ధర తక్కువని నేను మూతలో మోటారు ఉన్నదే ఎంచుకున్నాను. అసలు తప్పు అక్కడే జరిగింది.

మొదటి వారం నిజంగా సంతోషంగానే గడిచింది, ఆ మాట దాచను. తీపి గుమ్మడికాయ, క్యారెట్, చిన్న అల్లం ముక్క, నాలుగు మిరియాలు వేస్తే సూప్ చక్కగా వచ్చింది. అత్తగారు రెండు గిన్నెలు తాగారు. కరెంటు ఖర్చు గురించి కూడా భయపడనక్కర్లేదు. నేను కొన్నది 900 వాట్లది, ఒక్కసారి నడిస్తే యూనిట్‌లో మూడో వంతు కూడా కాలదు.

కానీ లోపల రెండు గీతలు ఉన్నాయి, ఒకటి 1.3 లీటర్ల దగ్గర, ఇంకొకటి 1.6 లీటర్ల దగ్గర. కింది గీతకు తగ్గితే బ్లేడుకు ముక్కలు సరిగ్గా అందవు, పై గీత దాటితే పొంగుతుంది. ఇంట్లో సూప్ తాగే మనిషి ఒక్కరే. ఒక గిన్నె కావాలన్నా అయిదారు గిన్నెల సూప్ చేయాల్సిందే. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం వేడిచేసి ఇస్తే, 'పొద్దుటి రుచి లేదమ్మా' అని గిన్నె పక్కన పెట్టేసేవారు. ఈ గీతల సంగతి ప్రకటనలో ఎక్కడా లేదు. పెట్టె విప్పాకే తెలిసింది.

ఇక పప్పు సంగతి. పళ్లు లేని పెద్దవాళ్లకు బలమిచ్చేది పప్పే కదా, ఉత్త కూరగాయల నీళ్లతో ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? గుప్పెడు కందిపప్పు, రెండు టమాటాలు, సొరకాయ ముక్కలు వేసి నడిపాను. ఇరవై ఒక్క నిమిషాల తర్వాత పైన ఎర్రటి పలుచని రసం, కింద ఇసుకలా పప్పు నలుసులు. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని అత్తగారు నొప్పితో మొహం ముడుచుకున్నారు. ఆ నలుసులు పచ్చి చిగుళ్లకు గుచ్చుకున్నాయి. దవడ పట్టుకుని కూర్చున్న ఆవిడను చూస్తే నా మీద నాకే కోపం వచ్చింది.

తర్వాత ఆలోచిస్తే కారణం తెలిసింది. కుక్కరులో ఆవిరి ఒత్తిడి వల్ల వేడి దాదాపు 120 డిగ్రీల దాకా వెళుతుంది, అందుకే మూడు విజిళ్లకు కందిపప్పు వెన్నలా అవుతుంది. సూప్ మేకర్‌లో ఒత్తిడి ఉండదు కాబట్టి నీళ్లు మరిగే 100 డిగ్రీలు దాటదు. దానికితోడు టమాటా పులుపు. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని మన అమ్మలు ఊరికే చెప్పలేదు. బోరు నీళ్లు పోసేవారికి ఇంకా కష్టం, సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్న నీటిలో పప్పు ఆలస్యంగా మెత్తబడుతుంది. యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో పప్పు సూప్ అంటూ ఒకటి ఉంది. జాగ్రత్తగా చూస్తే అది తొందరగా ఉడికే మైసూరు పప్పుతో చేసేది. మిగిలినవన్నీ బంగాళాదుంప, బ్రోకలీ, కాడ ఉల్లి వంటలు. మన వంటింటిని మనసులో పెట్టుకుని చేసిన వస్తువు కాదది.

సరే, పెసరపప్పు అయితే తేలిగ్గా ఉడుకుతుందని అది వేశాను. ఉడికింది కూడా. అయితే పప్పు నురుగు పైకి లేచి మూత కింద అంతా పట్టేసింది. అడుగున మాత్రం రూపాయి బిళ్లంత నల్లటి మాడు. పిండి పదార్థం ఉన్నది ఏది వేసినా, అది బియ్యమైనా, బంగాళాదుంపైనా, చిక్కదనం కోసం కలిపే మొక్కజొన్న పిండైనా, వేడి పళ్లెం దగ్గరికి దిగి అంటుకుంటుంది. బ్లేడు తిరిగేది చివర్లో కాబట్టి మధ్యలో కలిపేవారు లేరు. ఆ మాడు పేరుకుంటే లోపలి సెన్సర్ వేడి ఎక్కువైందనుకుని యంత్రాన్ని ఆపేస్తుంది. అరగంట చల్లారితే గానీ మళ్లీ మొదలవదు. ఎనిమిదిన్నరకు బయలుదేరాల్సిన మనిషికి ఆ అరగంట ఎక్కడిది?

పంతొమ్మిదో రోజు ఉదయం. ముందు రోజు రాత్రే మూత తుడిచి బోర్లించాను. 'మూతను నీటిలో ముంచరాదు' అని పుస్తకంలో ఉంది, నేను ఏనాడూ ముంచలేదు. తడి స్పాంజితో బ్లేడు కడ్డీని, కింది భాగాన్ని తుడిచేదాన్ని, అంతే. ఆ ఉదయం మూత పెట్టి మీట నొక్కగానే పిడి దగ్గర చిటపటమని శబ్దం వచ్చింది, వెంటనే వంటింటి ఎంసీబీ (కరెంటులో తేడా వస్తే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోయింది. ప్లగ్గు తీసి మూత తిరగేసి చూశాను. పిన్నుల చుట్టూ నల్లటి మసి, మూతను కాస్త వంచితే లోపలినుంచి గోధుమరంగు నీటి చుక్కలు రెండు నా అరచేతిలో పడ్డాయి. వాసన చూశాను. పెసరపప్పు వాసన. అంటే ఉడుకుతున్నప్పుడు లేచిన నురుగే మోటారు ఉన్నచోటికి చేరింది. వాడే పద్ధతిలోనే వాడుతుంటే నీరు లోపలికి వెళ్లే మూతను వంటింట్లోకి ఎలా పంపుతారు?

ఆ తర్వాత కథ మీలో చాలామందికి తెలిసినదే. మార్చి ఇచ్చే గడువు ఏడు రోజులే, అది దాటిపోయింది. రెండేళ్ల వారంటీ అని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంది గానీ, గుంటూరులోనూ విజయవాడలోనూ వాళ్ల సర్వీసు కేంద్రం లేదు. నా ఖర్చుతో హైదరాబాదుకు కొరియర్ చేయమన్నారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాకే, కంపెనీ తన ఖర్చుతో తీసుకెళ్లడానికి ఒప్పుకుంది. పన్నెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. మూతలోకి నీరు వెళ్లింది కాబట్టి వారంటీ వర్తించదట, కొత్త మూతకు మూడువేల రెండు వందలు కట్టాలట. నేను కట్టలేదు. గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి వెళ్లనక్కర్లేదు. వస్తువుకు చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. నష్టపోయినవారు ఊరుకోకండి.

అయినా కొనాల్సిందే అనుకుంటే, మోటారు అడుగున ఉన్న రకమే చూడండి. మూతలో మోటారు ఉన్నదైతే నా మాట విని వదిలేయండి. మూత ఒక్కటే విడిగా దొరుకుతుందా, ఎంత ధర అని కొనకముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. సర్వీసు కేంద్రం మీ ఊళ్లో ఉందని చెబితే ఆ చిరునామాకు వెళ్లి చూసిరండి, ఫోనులో చెప్పిన మాట నమ్మకండి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందో, ఫిర్యాదుల ఫోను నంబరు పెట్టె మీద ఉండి తీరాలి. అవి లేని పెట్టెను విప్పకుండా తిప్పి పంపండి. విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. వేడి నీళ్ల దగ్గర వాడే వస్తువు కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉన్న సాకెట్ తప్పనిసరి. మా ఇంట్లో అవి ఉండబట్టే ఆరోజు ఎంసీబీ పడటంతో సరిపోయిందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు.

ఇప్పుడు అత్తగారికి ఎలా చేస్తున్నానంటే, రాత్రే అరగ్లాసు కందిపప్పు నానబెడతాను. ఉదయం దాన్ని సొరకాయ ముక్కలతో కలిపి చిన్న కుక్కరులో నాలుగు విజిళ్లు రానిస్తాను. ఆవిరి పోయాక పప్పుగుత్తితో మెదిపి, జల్లెడలో వడగట్టి, జీలకర్ర, మిరియాల పొడి, కాస్త నెయ్యి వేస్తాను. స్నానం చేసి వచ్చేలోగా సగం పని దానంతట అదే అయిపోతుంది, ఒక్క గిన్నె కావాలంటే ఒక్క గిన్నెకే చేయవచ్చు. ఇంకా నునుపుగా కావాలంటే పన్నెండు, పదమూడు వందల్లో దొరికే చేతి బ్లెండరు చాలు. తొందరలో ఉడుకుతున్న సూప్‌ను మిక్సీ జార్‌లో పోసి మూత బిగించి మాత్రం తిప్పకండి. లోపలి ఆవిరి ఒక్కసారిగా మూతను ఎగదోస్తుంది, చేతులూ మొహమూ కాలతాయి. చల్లారనిచ్చి, సగం జార్ మాత్రమే నింపి తిప్పండి.

మూతలో మోటారు ఉన్న సూప్ మేకర్ మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే, ఈరోజే ప్లగ్గు తీసి మూతను తిరగేసి చూడండి. పిన్నుల దగ్గర మసి ఉన్నా, వంచినప్పుడు ఒక్క చుక్క నీరు కారినా మళ్లీ ప్లగ్గు పెట్టకండి. ఫొటో తీసి, తేదీ రాసి, బిల్లుతోపాటు దాచుకుని 1915కు ఫోను చేయండి.