ఆందలూసీ కచేరీ: చిన్న బృందమా, పెద్ద ఆర్కెస్ట్రానా, ఫ్లమెంకోతో జోడీనా? ఏది మేలు?

ఆందలూసీ అంటే మధ్యయుగపు ముస్లిం స్పెయిన్ నుంచి ఉత్తర ఆఫ్రికాకు వచ్చిన శాస్త్రీయ సంగీతం. అందులో నూబా అంటే వరసగా పాడే పాటలు, వాద్యాల పెద్ద గుచ్ఛం. మొరాకోలో ఇప్పటికి నిలిచిన నూబాలు 11. ఒక్కో నూబాలో ఐదు మీజాన్‌లు, అంటే ఐదు వేర్వేరు తాళాల్లో నడిచే ఐదు పెద్ద భాగాలు. 1990 ప్రాంతంలో మొత్తం రికార్డు చేస్తే 73 సీడీలు అయ్యాయి. గంటన్నర కచేరీకి టికెట్టు కొన్నవాళ్లకి ఇందులోంచి ఏం తీసి వినిపించాలి? బృందాలు ముఖ్యంగా మూడు దారులు పట్టాయి.

మొదటిది మొరాకో నగరం ఫెజ్ పద్ధతి. అబ్దెల్‌క్రీమ్ రయీస్ నడిపిన అల్-బ్రీహీ బృందం దీనికి పెట్టింది పేరు. కమానుతో వాయించే రెండు తీగల రబాబ్, పొట్టి మెడ తీగవాద్యం ఊద్, చేత్తో కొట్టే దర్బూకా డోలు, తొడ మీద నిటారుగా నిలబెట్టి వాయించే వయొలిన్లు. వయొలిన్ మన కచేరీలకూ వలస వచ్చిందే. మనవాళ్లు ఛాతీకీ పాదానికీ మధ్య ఆనిస్తే, వాళ్లు నిలబెట్టారు. వాయించేవాళ్లే పాడతారు. బాణీ ఒకటే, గమకాలు ఎవరివి వాళ్లవే.

అసలు రుచి మీజాన్ నడకలో ఉంది. మొదట మువస్సా అనే విలంబం. తార్ అనే చిన్న గిలకల డప్పు పట్టినవాడు దెబ్బకీ దెబ్బకీ మధ్య బోలెడంత జాగా వదులుతాడు. పాట ‘హా నా నా’, ‘యా లా లాన్’ లాంటి అర్థంలేని అక్షరాల మీద తాపీగా సాగుతుంది. కాసేపు విసుగు పుట్టినా పుట్టవచ్చు. ఆ తర్వాత ఖంతరా, అక్కడ లయ కాస్త బిగుస్తుంది. చివర ఇన్సిరాఫ్‌లో అందరూ పరుగందుకుంటారు. ముందు ఆ నిదానం భరించినవాడికే ఈ పరుగు ఒంటికి ఎక్కుతుంది.

రెండోది ట్యునీషియా దారి. 1934లో ట్యూనిస్‌లో పుట్టిన రషీదియ్యా సంస్థ మాలూఫ్‌ను, అంటే అక్కడి ఆందలూసీ సంగీతాన్ని, స్వరలిపిలోకి ఎక్కించి, వయొలిన్ల వరసలు, చెల్లోలు, బృందగానంతో పెద్ద ఆర్కెస్ట్రా కట్టింది. పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ అందరూ ఒకే కాగితం చూసి వాయిస్తే ఎవరి గమకం వాళ్లదన్న ముచ్చట పోతుంది. మొరాకోలోని తెతువాన్‌లో తెమ్సమానీ అనే బృందనాయకుడు పియానో కూడా తెచ్చాడు. పియానో మెట్ల మధ్య సందులో పడే పావుస్వరాలు మొరాకో పద్ధతిలో దాదాపు లేవు కాబట్టి శ్రుతి బాధ లేదు, కానీ స్వరం నుంచి స్వరానికి జారడానికి ఆ మెట్లు పనికిరావు.

మూడోది దక్షిణ స్పెయిన్ పాట ఫ్లమెంకోతో కలపడం. 1985లో ఫ్లమెంకో గాయకుడు ఎల్ లెబ్రిహానో టాంజియర్ ఆందలూసీ ఆర్కెస్ట్రాతో కలిసి పాడాడు. వినగానే పట్టేస్తుంది, కాదనను. ఇంటికి నలుగురు వస్తే పెట్టుకోదగ్గది ఇదే. కాకపోతే ఆ గొంతు తీవ్రత ముందు నూబా వెనక వాద్యంగా మిగిలిపోతుంది.

‘జిర్యాబ్ నాటి సంగీతం’ అని, అంటే 9వ శతాబ్దపు కోర్దోబా ఆస్థాన సంగీతకారుడి నాటిదని, పోస్టరు మీద వేస్తే మాత్రం నమ్మకండి. 18వ శతాబ్దపు చివర్లో తెతువాన్ వాసి అల్-హాయిక్ కూర్చిన పుస్తకంలో ఉన్నవి సాహిత్యాలే, స్వరాలు కావు. బాణీలు గురుముఖంగా వచ్చాయి, దారిలో మారాయి.

నా ఓటు చిన్న బృందానికే, ఒక షరతుతో: నాలుగు నూబాల్లోంచి తలా ఒక ముక్క కాదు, ఒకే మీజాన్ పూర్తిగా. కొత్తవాళ్లు ఐదు మీజాన్‌లలో చివరిదైన ఖుద్దామ్‌తో మొదలుపెడితే తేలిక, దాని నడకే చురుకు. రెండువేల మంది పట్టే హాలైతే రబాబ్ వెనక వరసలకు వినపడదు. అక్కడ రషీదియ్యా తరహా ఆర్కెస్ట్రాయే నయం.