బన్ను ఏది మేలు? తెల్లదా, తీపిదా, గోధుమరంగుదా?

మాది ఒడిశాలో పర్లాకిమిడి, ఇంటి ముందు గదిలోనే చిన్న కిరాణా కొట్టు. బన్ను ప్యాకెట్లు పొద్దున్నే దిగుతాయి, కొన్ని బరంపురం వైపు నుంచి, కొన్ని పాతపట్నం మీదుగా ఆంధ్రా వైపు నుంచి, తొమ్మిదయ్యేసరికి సగం అయిపోతాయి. కొనేవాళ్ళు అడిగేది ఒకటే, "వదినా, ఇందులో ఏటి మంచిది?" అని, నేను కూడా ఏడాది నుంచీ ఒకటే చెప్తున్నాను, గోధుమరంగుది తీసుకోండి అని. మా అత్తమ్మకి సుగరు, ఆవిడకీ టీలోకి అదే పెట్టాను. మొన్నొక మధ్యాహ్నం బేరం లేక ఊరికే కూర్చుని ప్యాకెట్ వెనక చీమల్లాంటి అక్షరాలు చదివితే మొదటి మాటే రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, అంటే మన మైదానే! గోధుమపిండి ఎక్కడో నాలుగో చోట ఉంది, చివర్లో 150 అని ఓ నంబరు, అది కారమెల్ రంగు. అంటే ఇన్నాళ్ళూ అత్తమ్మకి రంగేసిన మైదా పెట్టానన్నమాట.

ప్యాకెట్ మీద పదార్థాలు బరువు ప్రకారం రాయాలి, ఏది ఎక్కువుంటే అది ముందు. ఈ ఒక్కటి తెలిస్తే సగం పని అయిపోయినట్టే, కానీ మా కొట్టుకొచ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదువుకున్నారు, ప్యాకెట్ మీద ఉండేదేమో ఇంగ్లీషు, ఇంక ఎవరు చదువుతారు. రంగు చూసి కొనేస్తారు, నాలాగే.

సరే అని ఆ రోజే ఒక్కోటీ కాటా మీద పెట్టాను. ఇది ఎందుకంటే, లెక్కలన్నీ 100 గ్రాములకి రాస్తారు, మనం తినేది ఒక బన్నో రెండు బన్నులో, పైగా ఏ రెండు బన్నులూ ఒక బరువుండవు. బర్గర్ బన్ను పెద్దది, 60 గ్రాములు తూగింది. తూటీ ఫ్రూటీ వేసిన తీపి బన్ను 50. పావ్ ఒక్కోటి 35, కానీ పావ్ ఒకటి తిని ఊరుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూళ్ళేదు, కాబట్టి దాన్ని రెండు కిందే లెక్కేసుకోవాలి, 70.

ముందు తెల్ల బర్గర్ బన్ను. ఇలాంటివాటిలో 100 గ్రాములకి సుమారు 270 కేలరీలు, ప్రొటీన్ 8 గ్రాముల దాకా, చక్కెర 6, 7 గ్రాములు, సోడియం 450 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఒక బన్నుకి 160 కేలరీలు, ఒక చెంచా లోపు పంచదార, 270 మిల్లీగ్రాముల సోడియం. ఉప్పు సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది, ఒక్క బన్నులోనే ముప్పాతిక గ్రాము దగ్గర పడింది, రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. తియ్యగా అనిపిస్తుంది కాబట్టి ఉప్పు ఉందని నాలుకకి తెలీదు. బీపీ ఉన్నవాళ్ళకి చెప్పాల్సింది ఇదే, రెండు పావ్‌లు తింటే సోడియం 300 మిల్లీగ్రాములు దాటుతుంది, దాంట్లోకి మళ్ళీ కూరో చట్నీయో ఉంటుంది కదా.

తీపి బన్ను చిన్నది కదా పిల్లలకి సరిపోతుందిలే అనుకుంటాం. దాంట్లో 100 గ్రాములకి చక్కెర 15 నుంచి 20 గ్రాముల దాకా ఉంటుంది, అంటే 50 గ్రాముల బన్నుకి దగ్గర దగ్గర రెండు చెంచాలు. కేలరీలు మాత్రం పెద్ద బర్గర్ బన్నుకి దాదాపు సమానం, 150. చిన్నదాంట్లో అంత ఎలా ఇరికించారో! ఆ ఎర్రవీ పచ్చవీ ముక్కలు పళ్ళు కావు, పచ్చి బొప్పాయి కాయ ముక్కలు పంచదార పాకంలో ఊరేసి రంగేసినవి. మా గుంటకి ఈ సంగతి చెప్తే "బొప్పాయి కూడా పండే కదా అమ్మా" అంది, ఏం చెప్పను.

ఇంక అసలు గోధుమ బన్ను, అంటే పదార్థాల్లో మొదటి పేరే హోల్ వీట్ ఫ్లోర్ అని ఉన్నది. మా కొట్టుకి అరుదుగా వస్తుంది, ధర కూడా ఎక్కువే. ఇక్కడ నాకు ఆశ్చర్యం అనిపించింది ఏంటంటే, మైదాలో ప్రొటీన్ ఉండదు అని మనం అంటాం గానీ మైదాలోనూ గోధుమపిండిలోనూ ప్రొటీన్ దాదాపు ఒకటే, 100 గ్రాములకి 10 గ్రాముల పైన. తేడా అంతా పీచులోనే, గోధుమపిండిలో 11 గ్రాములు, మైదాలో 3 కూడా లేదు. మలబద్ధకం ఉన్నవాళ్ళకి, తిన్న గంటకే మళ్ళీ ఆకలనేవాళ్ళకి ఇది మేలు, అందులో అనుమానం లేదు. కానీ సుగరున్నవాళ్ళు గోధుమది కదా అని రెండు లాగించకూడదు, ఎందుకంటే పిండి మెత్తగా ఆడించేశాక రక్తంలో చక్కెర పెంచే విషయంలో తెల్ల బ్రెడ్డుకీ గోధుమ బ్రెడ్డుకీ పెద్ద తేడా రాదు. బన్ను మెత్తగా ఉండాలని ఇందులోనూ కాస్త పంచదార, పామాయిలు వేస్తారు, ఆ వరస కూడా చూసుకోవాలి.

బేకరీలో విడిగా అమ్మే పావ్ గురించి కూడా అడుగుతున్నారు, తాజాగా వేడివేడిగా ఉంటుంది కదా అని. రుచికి అదే నంబర్ వన్, నేనూ ఒప్పుకుంటాను. నిల్వకి వేసే కాల్షియం ప్రొపియోనేట్, ప్యాకెట్ మీద 282 అని ఉంటుందే, ఏ రోజువి ఆ రోజే అమ్ముకునే చోట దాని అవసరం అంతగా ఉండదు, ఉక్కకి మన దగ్గర బూజు రెండో రోజే పట్టేస్తుంది కాబట్టి ప్యాకెట్‌వాళ్ళు వేస్తారు. కానీ విడి పావ్‌కి లేబులుండదు, ఏం వేశారో చెప్పే కాగితమే లేదు. పిండి బాగా పొంగడానికి పొటాషియం బ్రోమేట్ వేసేవాళ్ళు ఒకప్పుడు, 2016లో మన దేశంలో దాన్ని నిషేధించారు. లేబుల్ లేని చోట నమ్మకమే లేబులు, తెలిసిన బేకరీ అయితే తెచ్చుకోండి, అంతే.

నన్ను అడిగితే రోజూ టిఫినుకి బన్ను వద్దు. పిల్లలు ఏడిస్తే వారానికి రెండు రోజులు తెల్ల బర్గర్ బన్నో పావో, లోపల ఆమ్లెట్టో శనగల కూరో పెట్టి, తీపి బన్ను కంటే వంద రెట్లు నయం. పెద్దవాళ్ళకి మొదటి పేరు గోధుమపిండి ఉన్నది, ఒక్కటి. అది దొరకనప్పుడు రంగు చూసి మోసపోయే బదులు మామూలు తెల్లది కొని ఆ డబ్బుల్లో తేడా మిగుల్చుకోండి, ఎలాగూ రెండూ మైదానే.

మా అత్తమ్మకిప్పుడు పొద్దున చోడి, అంటే రాగి అంబలి పెడుతున్నాను, ఇక్కడ మండియా అంటారు, కొండ మీద సవర గిరిజనులు పండించి సంతకి తెస్తారు. 30 గ్రాముల పిండితో గ్లాసుడు అంబలి, వంద కేలరీలకి కాస్త తక్కువ, పీచు 3 గ్రాముల పైన, కాల్షియం 100 మిల్లీగ్రాములు, ఏ మైదా బన్నూ దీని దరిదాపుల్లోకి రాదు. ఆవిడ మాత్రం అంబలి తాగేసి గ్లాసు పక్కన పెట్టి, "మరి టీలోకి ఏటున్నాదే" అంటుంది.