పదేళ్ల మానిటర్, ఉబ్బిన రెండు కెపాసిటర్లు

మా ఇంట్లోని 22 అంగుళాల మానిటర్‌కి పదేళ్లు దాటింది. పోర్టులు, రెజల్యూషన్ గురించి చెప్పను, అవన్నీ అట్టపెట్టె మీదే ఉంటాయి. నాకు దీని మీద ప్రేమ పుట్టింది మూత విప్పి లోపలి పవర్ బోర్డు చూశాకే.

తిరుపతి కొర్లగుంటలో ఇంటి నుంచే డీటీపీ పని చేస్తాను. కిందటి చలికాలంలో మొదలైంది గోల. పొద్దున్నే ఆన్ చేస్తే తెర రెపరెపలాడేది, కాసేపటికి వేడెక్కి సర్దుకునేది. మధ్యాహ్నం ఎవరికైనా చూపిస్తే "బాగానే ఉంది కదప్పా" అని నా కళ్లనే అనుమానించేవాళ్లు. కేబుల్ మార్చినా అంతే. చివరికి కేబుల్ పూర్తిగా పీకేశాను. సిగ్నల్ లేదని చెప్పే ఆ చిన్న పెట్టె కూడా వణుకుతోంది! దాన్ని చూపించేది మానిటరే కాబట్టి కంప్యూటర్‌కి సంబంధం లేదని తేలిపోయింది. సర్వీసు వాళ్లను అడిగితే బోర్డు దొరకదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. పెళ్లి పత్రికల సీజన్‌లో ఆ మాట వింటే టెన్షన్ రాదా?

విప్పడమే అసలు కష్టం. స్టాండ్ దగ్గరి స్క్రూలు తీశాక చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులే. పాత ఏటీఎం కార్డు సందులో దూర్చి జరుపుతుంటే ప్రతి క్లిప్పూ విరిగిపోయినట్టే టక్కుమంటుంది. ప్లగ్ పీకి చాలాసేపు వదిలేశాకే చెయ్యి పెట్టాను, అదీ ప్లగ్ పీకినా కరెంటు దాచుకునే భాగం, పెద్ద కెపాసిటర్ మీద వోల్టేజ్ దిగిపోయిందని మీటర్‌తో చూసుకున్నాక. 230 వోల్టుల కరెంటు అక్కడ డీసీగా మారి 325 వోల్టుల దాకా ఉంటుంది, దానితో వేళాకోళం వద్దు.

బోర్డు చూడగానే దొంగలు దొరికారు. 1000 మైక్రోఫారాడ్, 16 వోల్టుల కెపాసిటర్లు రెండు, మూతలు పూరీల్లా పొంగి ఉన్నాయి. ఇవి పాడైతే చల్లగా ఉన్నప్పుడు మరీ మొరాయిస్తాయి, పొద్దున గోలంతా అందుకే. గాంధీ రోడ్డు వైపు ఒక స్పేర్ పార్టుల షాపులో చూపిస్తే, "వోల్టేజ్ ఎక్కువున్నా ఫరవాలేదన్నా, తగ్గకూడదు" అని 25 వోల్టులవి, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటాయని రాసి ఉన్నవి ఇచ్చాడు. రెండూ కలిపి ఒక కాఫీ ఖరీదు. పాత సీసం ఎంతకీ కరగలేదు. దాని మీదే కొంచెం కొత్త సీసం పెట్టి వేడి చేస్తే కాళ్లు సులువుగా ఊడొచ్చాయి. కొత్తవాటి పక్కనున్న గీత మైనస్ వైపు, అది తిరగబడితే పేలుతుంది. బిగించి స్విచ్ వేశాను. తెర రాయిలా నిలబడింది. పక్క గదిలోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చేలా అరిచాను లెండి.

కొన్నప్పుడు దీనికి విడిగా అడాప్టర్ లేదని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. పవర్ సప్లై లోపలే ఉంది కాబట్టి వేడీ లోపలే. ఉబ్బినవి రెండూ వేడిని బయటికి లాగే లోహపు రేకుకి, అదే హీట్‌సింక్‌కి ఆనుకునే ఉన్నాయి, మే నెలలో మా ఊరి ఎండ సంగతి వేరే చెప్పాలా? విడి అడాప్టర్ అయితే అదొక్కటి మార్చుకుంటే సరిపోయేది.

బ్రైట్‌నెస్ బాగా తగ్గిస్తే ఫోన్ కెమెరాలో ఇప్పటికీ నల్లటి చారలు పాకుతాయి. అది రిపేరుతో పోయేది కాదు. తెర వెనక వెలిగే బ్యాక్‌లైట్‌ని వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ కాంతి తగ్గించే పద్ధతి అది. రాత్రిళ్లు మసక వెలుతురులో పనిచేసేవాళ్లకు తలనొప్పి రావచ్చు. నేను పగలే పనిచేస్తాను, బ్రైట్‌నెస్ సగం పైనే పెడతాను కాబట్టి నాకు సరిపోతోంది. ఇంట్లో సోల్డరింగ్ ఐరన్, మీటర్ ఉండి వాడటం వచ్చినవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటిది దొరికితే తీసుకోవచ్చు. ఫొటోల రంగులు దిద్దే పనైతే మాత్రం నన్ను అడగొద్దు, నా తెరలో తెలుపు ఇప్పటికే కాస్త పసుపు తిరిగింది.