పాత డీజిల్ క్యాంపర్ వ్యాను: గుంజుడు బంగారం, భయమంతా నీళ్ళతోనే

సెకండ్ హ్యాండ్‌లో క్యాంపర్ వ్యాను కొనాలనుకునేవాళ్ళు ఎవరు కలిసినా మొదట అడిగేది మైలేజీ ఎంత అనే. నేను మాత్రం ముందు గుంజుడు గురించే, అంటే బరువు లాగే బలం గురించే చెప్తాను. ఇంటిల్లిపాదినీ, మంచాలనూ, నిండా పట్టిన నీళ్ళ ట్యాంకునూ, వంట సామానునూ ఎక్కించుకుని కెరమెరి ఘాట్ ఎక్కుతున్నా నా డీజిల్ బండి రొప్పదు. మలుపు దగ్గర వేగం పడిపోయినా, గేరు దించి కాస్త కాలు ఆనిస్తే చాలు, వెనక నుంచి ఎవరో నెట్టినట్టు పైకి వెళ్ళిపోతుంది. ఏసీ కూడా ఆపను. పాత బండిని ఇంతగా ప్రేమించడానికి నాకు ఈ ఒక్క గుణం చాలు.

బండి పేరు చెప్పాల్సిన పనిలేదు. టూరిస్టు వ్యాను అనగానే మన కళ్ళ ముందుకు వచ్చే రకమే. 2018 మోడల్, బీఎస్-4, అంటే పొగ మీద ఇప్పటికన్నా పాత నిబంధనల ప్రకారం తయారైన బండి. పాత ఓనరు దాన్ని మేడారం, భద్రాచలం, యాదగిరిగుట్ట కిరాయిలకు తిప్పేవాడు. పర్మిట్ సరెండర్ చేసి పసుపు బోర్డును తెల్ల బోర్డు చేయించుకోవడం, సీట్లు తీసి మంచాలు పెట్టిన సంగతి ఆర్సీలో ఎక్కించుకోవడం అదో పెద్ద కథ, ఇక్కడ రాయను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా బండి రూపం మార్చకూడదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు చూసేది కూడా అదే. ఆ కాగితాలు సరిగా లేని క్యాంపర్ ఎంత చవకగా వచ్చినా వద్దు.

గుంజుడు సంగతికి వస్తాను. డీజిల్ ఇంజిన్‌లో గాలిని 16, 17 రెట్లు నొక్కుతారు, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోల్‌లో మామూలుగా 10 నుంచి 12 రెట్లే, ఆపైన స్పార్క్ ప్లగ్గు అంటించాలి. దీనికి గాలిని ఇంకా ఎక్కువగా లోపలికి తోసే టర్బో తోడయ్యేసరికి డీజిల్ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, అంటే తక్కువ ఆర్పీఎంలోనే, బలమంతా చూపిస్తుంది. కారులో ఒక్కరే తిరిగితే ఈ తేడా అంతగా తెలియదు. క్యాంపర్ అలా కాదు, దానికి ఖాళీగా తిరిగే రోజే ఉండదు. 200 లీటర్ల నీళ్ళంటేనే రెండు క్వింటాళ్ళు. బ్యాటరీలు, పొయ్యి, సిలిండరు, పరుపులు, మనుషులు అన్నీ ఆపైన.

మా బావమరిది దగ్గర చిన్న పెట్రోల్ వ్యాను ఉంది, సీఎన్జీ కిట్‌తో. వెనక సీట్లు తీసేసి ఇద్దరు పడుకునేలా చేసుకున్నాడు. కరీంనగర్ దాకానో యాదగిరిగుట్ట దాకానో అయితే ఖర్చులో నేను వాడితో పోటీ పడలేను. చప్పుడు లేదు, వాసన లేదు. కానీ కొమురం భీం స్మారకం చూద్దామని ఇద్దరం రెండు బండ్లలో జోడేఘాట్‌కు వెళ్ళినప్పుడు, ఘాట్ మొదట్లోనే వాడు గ్యాసు నుంచి పెట్రోలుకు మార్చాడు. ఆ తర్వాత ఏసీ బంద్ చేశాడు, చివరికి మొదటి గేరు. పైకి చేరేసరికి చెల్లెకూ పిల్లలకూ ఒళ్ళంతా చెమట. గ్యాసు సిలిండరు వెనక సామాను పెట్టుకునే చోటంతా తినేస్తుంది, దానికి మూడేళ్ళకోసారి నీళ్ళ ఒత్తిడితో పరీక్షించే హైడ్రో టెస్టు చేయించాలి. ములుగు దాటి అడవి దారి పట్టాక సీఎన్జీ దొరుకుతుందన్న భరోసాతో బయలుదేరలేం.

ఎక్కడంలో ఇంత మెచ్చుకున్నాను కాబట్టి దిగడం గురించి కూడా చెప్పాలి. డీజిల్ బండి దిగుడులో ఇంజిన్ మీదే ఆగుతుందని చాలామంది అంటారు. నా అనుభవంలో అది సగమే నిజం. పెట్రోల్ ఇంజిన్‌లో యాక్సిలరేటర్ వదిలితే గాలి దారి మూసుకుపోతుంది, దాంతో ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. డీజిల్‌లో గాలిని అలా మూయరు కాబట్టి ఆ పట్టు తక్కువ. పెద్ద లారీలకు విడిగా, పొగ దారిని మూసి ఇంజిన్‌ను పట్టి ఉంచే ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టేది అందుకే. నా బండికి అది లేదు. అందుకని ఎక్కిన గేరు కన్నా ఒకటి తగ్గించి, నెమ్మదిగా దిగుతాను. ఆ ఒక్క చోట బావమరిది బండే హాయి.

ఇక అసలు సంగతి. ఒక వానాకాలం బొగత జలపాతం చూసి తిరిగి వస్తున్నాం. ములుగు జిల్లాలో వాన ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. 2023 జూలైలో లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 650 మిల్లీమీటర్లకు దగ్గరగా పడింది. మేము వెళ్ళినప్పుడు అంత వాన లేదు కానీ, రోజుల తరబడి ముసురు పట్టి ఉంది. దారిలో ఒక బంకులో డీజిల్ పోయించాం. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటాం, ఏటూరునాగారం దాటాం. తాడ్వాయి అడవిలోకి వచ్చాక బండి ఒక జర్కు ఇచ్చింది. గుంతలో పడిందేమో అనుకున్నాను. కాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత కాలు ఎంత నొక్కినా పికప్ లేదు. డీజిల్ ఫిల్టరులో నీళ్ళున్నాయని చెప్పే లైటు వెలిగింది, అది చూసి పక్కకు తీసేలోపే ఇంజిన్ ఆగిపోయింది.

చీకటి పడుతోంది. ఫోన్లో సిగ్నల్ లేదు. వెనక అమ్మ, పిల్లలు. మేడారం జాతరప్పుడు ఈ ప్రాంతంలో బండి పెట్టడానికి సందు దొరకదు, ఆ సాయంత్రం ఎంత చూసినా ఒక్క బండి రాదు. నిజంగా టెన్షన్ పట్టుకుంది. చివరికి ఒక ఇసుక లారీ ఆగింది. డ్రైవరు పెద్దాయన. దిగి వచ్చి, నా మాట పూర్తి కాకుండానే అడిగాడు.

"డీజిల్ ఎక్కడ పోయించినవ్ బిడ్డా?"

చెప్పాను.

"గంతే. నీళ్ళొచ్చినయ్ అండ్ల. ఇగ సెల్ఫు కొట్టకు. ఖాళీ సీసా ఉంటే ఇయ్యి."

మంచినీళ్ళ సీసా ఇచ్చాను. ఫిల్టరు అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి, కింద సీసా పట్టాడు. ఫోన్ టార్చి కొట్టి చూస్తే సీసాలో పైన పసుపు పచ్చ డీజిల్, అడుగున తెల్లటి నీళ్ళు, రెండింటికీ మధ్య స్పష్టంగా గీత. నీళ్ళే సగానికి పైన ఉన్నాయి. ఆ సీసాను మూత పెట్టి దాచుకోమని నా చేతికిచ్చి, ఇంకో సీసా అడిగాడు. పట్టడం, చూడటం, ఒంపడం, మళ్ళీ పట్టడం. గీత కిందికి జరుగుతూ జరుగుతూ చివరికి కనిపించకుండా పోయింది.

అప్పుడు స్క్రూ బిగించి, ఫిల్టరు మీదున్న చేతి పంపును నన్ను నొక్కమన్నాడు. మొదట మెత్తగా, లోపల ఏమీ లేనట్టు దిగిపోయేది. పైన గాలి తీసే స్క్రూ దగ్గర నురగ, బుడగలు. నా బొటనవేలు మంట పుట్టేదాకా నొక్కాక పంపు గట్టిపడింది, బుడగ లేని ధార వచ్చింది. ఆయన స్క్రూ బిగించి, "ఎయిర్ పోయింది, ఇప్పుడు కొట్టు" అన్నాడు. రెండుసార్లు కొట్టినా అందుకోలేదు. మూడోసారి కుంటుకుంటూ అందుకుని, బోలెడు తెల్ల పొగ వదిలి, నిలబడింది.

"మెల్లగ పో. లైటు వెలిగినప్పుడల్లా ఆపి నీళ్ళు తీసుకుంట పో. పొద్దున లేవంగనే ట్యాంకి దింపియ్" అని చెప్పాడు. డబ్బులు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టాడు. బండిలో పొయ్యి ఉంది కదా, ఆలోపే మా ఆవిడ చాయ్ పెట్టేసింది. అది తాగి వెళ్ళిపోయాడు. పస్రా దాటాక ఒకసారి, ములుగు దాటాక ఇంకోసారి ఆపి నీళ్ళు తీసుకుంటూ రాత్రి బాగా పొద్దుపోయాక హన్మకొండ చేరాం. ఆయన పేరు అడగనేలేదు. ఆ రోడ్డు మీద ఇసుక లారీ కనిపిస్తే ఇప్పటికీ క్యాబిన్‌లోకి చూస్తాను.

మర్నాడు షెడ్డులో ట్యాంకు దింపి కడిగారు, ఫిల్టరు మార్చారు. ఇంజెక్టర్లు విప్పి టెస్టింగ్‌కు పంపితే రెండు పోయాయని తేలింది. ఇప్పటి కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందేవాటిలో, ఇంజెక్టరు వెయ్యికి పైగా బార్ల ఒత్తిడితో (మామూలు గాలి ఒత్తిడికి సుమారు వెయ్యి రెట్లకు పైగా) డీజిల్‌ను చిమ్ముతుంది. లోపలి భాగాల మధ్య సందు వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు సన్నం. అక్కడ గ్రీజు, ఆయిలు ఏమీ ఉండవు, పారే డీజిలే జారుడు ఇవ్వాలి. నీళ్ళు వచ్చాయంటే అరుగుడు, తుప్పు మొదలైనట్టే. బిల్లు చూసి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. దాచిన సీసా పట్టుకుని బంకుకు వెళ్తే, మా ట్యాంకులో నీళ్ళు లేవు, మాకు సంబంధం లేదన్నారు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

అవే నీళ్ళు పెట్రోల్ బండిలో పడితే? ఆగడమైతే ఆ బండీ ఆగుతుంది. పైగా ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీళ్ళను పట్టేసుకుంటుంది, నీళ్ళు మరీ ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. కానీ మామూలుగా ట్యాంకు కడిగి, ప్లగ్గులు శుభ్రం చేస్తే చాలావరకు బయటపడవచ్చు. అడవిలో ఇబ్బంది ఇద్దరికీ ఒక్కటే, షెడ్డులో బిల్లు ఒక్కటి కాదు. డీజిల్ ధర లీటరుకు ఇక్కడ పెట్రోల్ కన్నా తక్కువ. ఒక లీటరులో ఉండే శక్తి కూడా పదో వంతుకు పైనే ఎక్కువ. ఆ లెక్కతో మిగిలిందంతా ఆ రెండు ఇంజెక్టర్లు ఒక్కసారిగా తీసుకుపోయాయి. కాబట్టి డీజిల్ పొదుపు అనే మాట నేను ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

అప్పటి నుంచి బండిలో కొత్త ఫిల్టరు, స్పానర్లు, రెండు ఖాళీ సీసాలు ఎప్పుడూ ఉంటాయి. బయలుదేరే ముందే హన్మకొండలో రద్దీగా ఉండే బంకులో ఫుల్ ట్యాంకు కొట్టిస్తాను. ట్యాంకరు దించుతున్న బంకులో ఆగను, అడుగున ఉన్నదంతా కదిలి పైకి వస్తుంది. వానాకాలంలో అడవి దారి పట్టే ముందు ఫిల్టరు నుంచి కాస్త పట్టి చూస్తాను. ఇంత జాగ్రత్త పెట్రోల్ బండి అడగదు.

ఇంకో మాట. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో డీజిలా, పెట్రోలా అని ఎంచుకోవడం నిజానికి పెద్ద బండా, చిన్న బండా అని ఎంచుకోవడమే. అమెరికాలో ఒకే సైజు మోటర్ హోమ్ పెట్రోల్ ఇంజిన్ ముందు పెట్టినదీ దొరుకుతుంది, డీజిల్ ఇంజిన్ వెనక పెట్టినదీ దొరుకుతుంది. అక్కడ పెట్రోల్‌ది చవక, డీజిల్‌ది ఖరీదు, ఆ బేరం వేరు. ఇక్కడ నిలబడి వంట చేసుకునేంత ఎత్తున్న పాత వ్యాను కావాలంటే చేతికి వచ్చేది దాదాపుగా డీజిలే. వీడియోల్లో అక్కడి లెక్కలు విని ఇక్కడ బేరానికి వెళ్తే అయోమయమే మిగులుతుంది.

డీజిల్‌లో కూడా 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్ల తీరు వేరు. పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది, అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా పోతేనే ఆ మసి కాలిపోయి శుభ్రమవుతుంది. కాజీపేట, హన్మకొండ, వరంగల్ మధ్యే తిప్పి ఇంటి ముందు పెట్టేస్తే అది మూసుకుపోతుంది, వార్నింగ్ లైటు వెలుగుతుంది. నేను బీఎస్-4 వెతుక్కున్నది ఆ గొడవ వద్దనే. దాని పొగ ఎక్కువ అన్నది కూడా నిజమే.

కొనేముందు ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. పొద్దున్నే, ఓనరు బండి స్టార్ట్ చేయకముందే వెళ్ళండి. బోనెట్ మీద చేయి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నట్టే, ఇంకో రోజు రండి. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో వినండి. నడుస్తుండగా ఆయిలు పోసే మూత వదులు చేసి చూడండి, పొగ జోరుగా చిమ్ముతుంటే ఇంజిన్ లోపల అరిగిపోయిందని అర్థం. తర్వాత ఫిల్టరు కింద సీసా పట్టి చూడండి. అలా పట్టడానికి ఒప్పుకోని ఓనరు దగ్గర నేనైతే కొనను.

చప్పుడు, వేడి గురించి రెండు మాటలు. ఇంజిన్ ముందు సీట్ల మధ్యకు చొచ్చుకుని ఉంటుంది. మే నెలలో రామగుండం వైపు వెళ్తే డ్రైవరు ఎడమ కాలు కాలుతుంది. అమ్మ ముందు సీట్లో కూర్చోదు.

ఇంత జరిగినా నేను ఈ బండిని అమ్మడం లేదు. మాది ఆరుగురి కుటుంబం, అమ్మకు కాళ్ళు చాపుకుని పడుకునే చోటు కావాలి, మేము తిరిగేదంతా ఏటూరునాగారం, కవ్వాల్, ఉట్నూరు వైపే. నెలలో ఏదో ఒక వారం బండి బయటికి కదులుతూనే ఉంటుంది. షెడ్డు ఇంటికి దగ్గర, మెకానిక్ తమ్ముడు ఫోన్ ఎత్తుతాడు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నాకు డీజిల్ సరిపోయింది. మొన్న మా ఆఫీసులో ఒకాయన, భార్యాభర్తలం ఇద్దరమే, ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్తాం అంటే చిన్న పెట్రోల్ వ్యానే కొనమన్నాను. అయితే దాన్ని నెలల తరబడి కదపకుండా పెట్టొద్దని కూడా చెప్పాను, ట్యాంకులో పెట్రోల్ డీజిల్ కన్నా త్వరగా పాడవుతుంది. 2023 ఏప్రిల్‌కు ముందు మోడల్ అయితే 20 శాతం ఇథనాల్‌కు పనికొస్తుందో లేదో కంపెనీ పుస్తకంలో చూసుకుని, రబ్బరు పైపులు చూపించుకోమన్నాను. ఆయన ఇంకా వెతుకుతున్నాడు. పెట్రోల్ వ్యాను దొరికితే ఒకసారి కెరమెరి ఘాట్ ఎక్కించి, ఏసీ ఆపకుండా ఎక్కగలిగితే నాకు చెప్పమన్నాను.