రవీంద్రభారతి బాగుంది, మరి మా డివిజన్‌కి స్టేజీ ఎప్పుడు?
మొన్న శనివారం రవీంద్రభారతిలో కూచిపూడి చూశాం. వెనక వరసలో కూర్చున్నా గజ్జెల చప్పుడు, నాట్యానికి లయ చెప్పే నట్టువాంగం తాళాల మోత విడివిడిగా వినిపించాయి, 1961లో ఠాగూర్ శతజయంతికి కట్టిన హాలు ఇంకా ఇంత బాగా పలుకుతోందంటే మెచ్చుకోవాల్సిందే. అసెంబ్లీ మెట్రో దిగి నడిస్తే చాలు. కానీ మేముండేది కూకట్‌పల్లి, ఇల్లు చేరేసరికి పిల్లలు భుజాల మీదే నిద్రపోయారు.

2020 గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలప్పుడు మా గుమ్మంలోకొచ్చిన ముగ్గురు అభ్యర్థులనీ అడిగాను, డివిజన్‌లో నాటకాలకీ డాన్సులకీ చిన్న స్టేజీ కట్టిస్తారా అని. ఇద్దరు రోడ్లు, డ్రైనేజీ అన్నారు, అవీ కావాలి, కాదనను. ఒకాయన మాత్రం కమ్యూనిటీ హాల్ సాయంత్రాలు రిహార్సల్స్‌కి ఉచితంగా ఇప్పిస్తానన్నారు, ఓటు ఆయనకే వేశాను. గెలవలేదు. ఈసారి వచ్చేవాళ్లనీ అదే అడుగుతా. రవీంద్రభారతికి నాలుగున్నర స్టార్లు.